సోమవారం కుదురు, శుక్రవారం వణుకు

తర్వాతి కాలంలో నేను ముప్పై ఏళ్ళకు పైగా బస్సులు నడిపాను. నా చేతులు వణుకుతాయని ఒక్క ప్రయాణికుడు కూడా అనలేదు. అయినా ఇప్పటికీ ఎవరైనా కాఫీ గ్లాసు అందిస్తే ముందు నా చేతివైపే చూసుకుంటాను. ఈ రోగం నాకు ఒక పాత జీపు అంటించింది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ రోజులవి. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మా జిల్లా ఊరు రాజధాని అయిందని మురిసిపోవడం పూర్తి కాకముందే ఆ రాజధాని కాస్తా హైదరాబాదుకు తరలిపోయింది. అది ఎక్కడున్నా మాకు ఒరిగిందేమీ లేదు. ఊరికి రెండు మైళ్ళ దూరాన పలకల గని, గని గట్టు మీద వరసగా పన్నెండు గుడిసెలు, అందులో మాదొకటి. గుడిసె కూడా గని యజమానిదే. గనిలో పని పోతే గుడిసె పోతుంది, గుడిసె పోతే నాయనా అమ్మా నేనూ మూటలు నెత్తిన పెట్టుకోవాల్సిందే.

ఆ గుడిసెల్లో పలక లేని చోటు ఉండేది కాదు. పొయ్యి చుట్టూ పలక, కుండ మీద మూత పలక. మంచం కోడు ఊగితే దాని కింద పలక చెక్క. గొడ్డలి కామ వదులైతే సందులో పలక చీలిక. రోకలి పొన్ను జారినా, తలుపు గాలికి కొట్టుకున్నా మా వాళ్ళు చేసే వైద్యం ఒకటే. సరిపోయే మందాన పలక చీల్చి దూర్చడం. ఇనుము తుప్పు పడుతుంది, కర్ర పుచ్చుతుంది, రాయికేం రోగం అనేవాడు నాయన.

నాయన రాయి చీల్చడంలో ఆ గనికే పెద్ద పనివాడు. దిమ్మను ఒళ్ళో పెట్టుకొని, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని విని, ఉలి ఎక్కడ ఆనించాలో చూసుకునేవాడు. రెండు దెబ్బలకు పొర విడిపోయేది. పుర్రచెయ్యి వాటం మనిషి కాబట్టి అంచు చెక్కినప్పుడు ఉలి గీతలు అందరివీ ఒక వైపు వాలితే ఆయనవి ఇంకో వైపు వాలేవి. కుప్పలో ఏ పలక నాయనదో నేను ఇట్టే చెప్పేవాణ్ణి. ఆ పనితనానికి బదులుగా గని ఆయనకు ఇచ్చింది దగ్గు. పొద్దున లేవగానే గోడ పట్టుకొని నిలబడి దగ్గేవాడు, అది ఆగేదాకా అమ్మ చెంబు పట్టుకొని పక్కనే నిలబడేది.

నేనూ పదహారో ఏట ఆ గనిలోకి దిగాను. రెండేళ్ళు చేశాను. లోపలికి దిగితే పైన ఆకాశం దుప్పటంత కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా దిగి రాయిని కాలుస్తుంది, గాలి ఆడదు, ఎవరు ఎక్కడ ఉలి వేసినా ఆ దుమ్ము అందరి ముక్కుల్లోకీ పోతుంది. నాకు అక్కడ ఊపిరాడేది కాదు. బయటికి వచ్చాక కూడా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టే ఉండేది. పలకలు స్టేషనుకు మోసే లారీ డ్రైవరును కాకాపట్టి, దాని చక్రం తిప్పడం నేర్చుకొని, లైసెన్సు తెచ్చుకున్నది బండి మీద మోజుతో కాదు, ఆ గోతిలోంచి బయటపడాలని. నాయన కూడా అదే కోరుకున్నాడు. "నువ్వు పైన ఉండు రా, లోపల నేనున్నా చాలు" అనేవాడు.

యజమాని మదరాసులో మిలిటరీ వేలంలో ఒక జీపు కొని, నన్ను దానికి డ్రైవరుగా పెట్టుకున్నాడు. యుద్ధంలో తిరిగిన బండి. స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. మన రోడ్ల మీద డ్రైవరు గుంటవైపు కూర్చుంటాడు, ఎదురుగా ఏం వస్తుందో కుడిపక్క కూర్చున్న యజమాని చెప్పాలి. ఆయనేమో ఎద్దులబండి మీద పడబోయేదాకా చెప్పడు. ఆ జీపును కన్నబిడ్డ కంటే ఎక్కువగా చూసుకునేవాడు. ఆయనకు చెప్పకుండా ఎవడూ దానికి పానా పెట్టకూడదు. పెట్టాడని తెలిస్తే వాడు గనిలో ఉండడు, గుడిసెలోనూ ఉండడు. ఈ మాట జీపు వచ్చిన రోజునే అందరినీ నిలబెట్టి చెప్పాడు.

ఏడాది బాగానే గడిచింది. ఒకరోజు పెద్దదోర్నాల నుంచి వస్తుంటే ఎడమ చక్రం గుంటలో పడి లేచింది. అంతే, స్టీరింగు నా చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మణికట్లు విరిగిపోతాయనిపించింది. ముందు చక్రాలు రెండూ గిలగిలా కొట్టుకుంటున్నాయి, బానెట్టు ఊగుతోంది, యజమాని రెండు చేతులా అద్దం చట్రం పట్టుకొని నన్ను తిడుతున్నాడు. బండిని దాదాపు నిలబెట్టేస్తే తప్ప ఆ పూనకం దిగలేదు. మళ్ళీ ఇరవై అయిదు మైళ్ళ వేగం అందుకోగానే మళ్ళీ మొదలు.

మర్నాడు గనికి వచ్చిన లారీ తాలూకు మెకానిక్కు ఒకడు యజమాని ఎదురుగానే ముందు చక్రం విప్పి చూశాడు. జాకీ సరిపోక నాయన దుంగ వేసి బండిని ఎత్తిపట్టుకున్నాడు. చక్రం అటూ ఇటూ తిరగడానికి యాక్సిలు చివర ఒక కీలు ఉంటుంది, దాన్ని కింగ్‌పిన్ అంటారు. దాని మూత కింద పల్చటి రేకులు ఉంటాయి. ఆ రేకుల మందం సరిగ్గా ఉంటేనే కీలు బిగువుగా ఉంటుంది. "ఈ రేకులు తుప్పుపట్టి తినేసినాయి. కొత్తవి యాడ దొరుకుతాయి ఈ ఊర్లో?" అని గొణిగి, ఉన్నవాటితోనే బిగించి వెళ్ళిపోయాడు. ఆ మాట నేనూ విన్నాను, నాయనా విన్నాడు. నేను మర్చిపోయాను.

అప్పటి నుంచి జీపుకు ఒక వింత రోగం పట్టుకుంది. సోమవారం బండి కుదురుగా ఉండేది. మంగళ, బుధవారాలు ఫరవాలేదు. గురువారానికి స్టీరింగులో సన్నగా అదురు మొదలయ్యేది. శుక్రవారం ఇరవై మైళ్ళకే పూనకం. శనివారం నేను ఎద్దులబండితో పోటీపడి ఓడిపోయేవాణ్ణి. మళ్ళీ సోమవారం ఏమీ ఎరగనట్టు నిటారుగా పోయేది.

ఆదివారం నాకు సెలవు. జీపు గని దగ్గర రేకుల షెడ్డులో ఉండేది, నేను అమ్మతో కలిసి మార్కాపురం నడిచి పోయి వారానికి సరిపడా సామాన్లు తెచ్చేవాణ్ణి. ఆ ఒక్కరోజు విశ్రాంతికి బండి కోలుకుంటుందేమో అని కూడా అనుకున్నాను. మనిషికి దారి తోచనప్పుడు ఎంత తెలివితక్కువ ఆలోచన అయినా ముద్దొస్తుంది.

నాకు తెలిసినవన్నీ చూశాను. యజమానిని అడిగి, ఆయన చూస్తుండగానే చక్రాలు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చాను. టైర్లలో గాలి తగ్గించాను, పెంచాను. చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు చివర్ల మీద చెయ్యి పెట్టి, ఇంకొకరి చేత స్టీరింగు తిప్పించి, వేళ్ళకు కదలిక తగులుతుందేమో చూశాను. కమాను పట్టీల బోల్టులు తట్టి చూశాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. కింగ్‌పిన్ మాత్రం విప్పమని అడగలేదు. అది మెకానిక్కు చూసిందే కదా అనుకున్నాను.

యజమాని మాత్రం తన లెక్క తను కట్టుకున్నాడు. ఒక శుక్రవారం తర్లుపాడు దారిలో బండి ఆపించి, "చెయ్యి చాపు" అన్నాడు. చాపాను. అప్పటిదాకా స్టీరింగుతో కుస్తీ పట్టిన చెయ్యి, వణకక ఏం చేస్తుంది? అది చూసి తల పంకించాడు.

"సోమవారం కుదురుగా ఉండే చెయ్యి శుక్రవారానికి ఎందుకు వణుకుతాదిరా? తాగుతాండావా?"

"లేదయ్యా. నేను ముట్టను."

"బండికి వారాలు తెలుస్తాయా మరి? మనిషికే గదా తెలిసేది."

ఆయన అడిగింది నాకే న్యాయంగా తోచింది. అంతకంటే ఘోరం ఏమిటంటే, అది నా చెయ్యేనేమో అని నాకే అనుమానం పట్టుకుంది. ఇంట్లో చెంబు పట్టుకున్నప్పుడు చూసుకునేవాణ్ణి. ముద్ద కలిపేటప్పుడు చూసుకునేవాణ్ణి. నాయన రోజూ బువ్వ దగ్గర అడిగేవాడు, "ఇయ్యాల ఎట్ల ఉండె బండి?" అని. శుక్రవారం జవాబు చెప్పకుండా తింటుంటే ఆయన తినడం ఆపేసేవాడు. నన్ను చూసి బాధపడుతున్నాడనుకున్నాను.

చివరికి యజమాని తేల్చి చెప్పేశాడు. "వచ్చే శుక్రవారం గిద్దలూరు పోతాన్నా. ఆడ మిలిటరీలో పనిచేసొచ్చిన మేస్త్రీ ఉన్నాడు. తప్పు బండిదైతే నీ సీటు నీదే. నీదైతే సోమవారం నుంచి మీ నాయన పక్కన దిగు. కనిగిరి డ్రైవరుకు కబురు పంపినా." ఆ వారం రోజులూ గనివైపు చూడలేకపోయాను. గట్టు మీద నడిచేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకొని నడిచేవాణ్ణి.

శుక్రవారం కంభం దాటేసరికి నా భుజాలు పచ్చిపుండ్లయ్యాయి. గిద్దలూరులో మేస్త్రీ షెడ్డు ముందు బండి ఆపి, యజమాని బంధువుల ఇంటికి భోజనానికి వెళ్ళాడు. మేస్త్రీ సాయిబు, పెద్దవాడు, యుద్ధంలో బర్మా దాకా పోయి జీపులు బాగుచేసినవాడు. నేను ఆయన్ని మామా అన్నాను, ఆయన నన్ను అల్లుడా అన్నాడు. నా గోడు చెబుతుంటే బీడీ తాగుతూ విన్నాడు.

"చేతులు వణుకుతాయని చక్రాలు వణుకుతాయా అల్లుడా? చక్రాలు వణికితేనే చేతులు వణికేది. కూర్చో," అన్నాడు.

ఆ ఒక్కమాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అన్ని నెలల్లో నా పక్షాన ఎవరైనా మాట్లాడింది అదే మొదటిసారి.

ఆయన ముందు చక్రాలు రెండూ నేల మీంచి పైకెత్తి, కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపాడు. టకటకమంది. "ఎక్కి బ్రేకు తొక్కు" అన్నాడు. తొక్కాను. మళ్ళీ ఊపాడు. మళ్ళీ అదే టకటక. "బ్రేకు తొక్కితే ఆ ఊగుడు పోవాల. పోయుంటే చక్రం బేరింగు. పోలా. కింగ్‌పిన్నే," అన్నాడు. నేను బ్రేకు మీద కాలు పెట్టుకొని అట్లాగే కూర్చున్నాను. తప్పు బండిదే. నా చేతులు మంచివే. గట్టిగా అరవాలనిపించింది.

చక్రం తీసి, పైమూత బోల్టులు విప్పి, మూత ఎత్తాడు. ఎత్తి, అట్లాగే ఆగిపోయాడు. నల్లటి గ్రీజు ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద ఉంది. వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు. తర్వాత మూత అంచుకు అంటుకొని ఉన్న ఒక పల్చటి పెచ్చును గోటితో లేపి నా అరచేతిలో పెట్టాడు.

"ఇదేంది అల్లుడా, రాయా? నా సర్వీసులో ఇట్లాంటిది చూడలే. రేకుకు బదులు రాయి పెట్టినారు ఎవరో. రోజూ దెబ్బలు తిని పిండైపోతాంది. పిండి పోయేకొద్దీ కీలు వదులైపోతాంది. పైగా ఆ పిండి బేరింగులో పడి నూరుతాంది. వారానికోసారి కొత్తది పెడతాన్నట్టుండారు, చూడు, బోల్టులు ఎట్ల తళతళలాడుతుండాయో."

నేను పెచ్చును వెలుతురుకు ఎత్తి చూశాను. చంద్రవంకలా కోసిన పలక, కాగితాలు నాలుగు కలిపితే ఎంత మందమో అంత. బోల్టు పోయే చోట గుండ్రంగా, ఒక్క పగులు కూడా రాకుండా చెక్కిన గంటు. అంచు మీద ఉలి గీతలు మిగతా వాళ్ళవి వాలే వైపు కాకుండా ఇంకో వైపు వాలి ఉన్నాయి. అది నాయన ఉలి.

అమ్మా నేనూ మార్కాపురం వెళ్ళిన ప్రతి ఆదివారం ఆయన ఆ షెడ్డులోకి వెళ్ళాడు. గనిలో నీళ్ళు తోడే ఇంజను పానా తీసుకొని, ఆ దగ్గుతోనే దుంగ వేసి బండి లేపి, మూత విప్పి, వారమంతా చీల్చి సిద్ధం చేసుకున్న పలక దూర్చాడు. నన్ను పైన ఉంచడానికి. నా బండి ఊగకుండా ఉండడానికి. మేము మంచం కోడుకు ఏం చేస్తామో, ఆయన జీపుకు అదే చేశాడు. చేసిన ప్రతిసారీ నన్ను ఇంకొంచెం గనివైపు నెట్టాడు.

జాలి ముందు రాలేదని ఒప్పుకోవాలి. ముందు కోపమే వచ్చింది. ఆ క్షణంలో నాయన ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో. నాకొక్కమాట చెప్పి ఉంటే! చెబితే నేను ఒద్దంటానని చెప్పలేదు. ఆ పెచ్చు యజమానికి చూపిస్తే చాలు, నా చేతులకు పట్టిన మచ్చ పోతుంది. కానీ ఆ గీతలు నాకు తెలిసినట్టే ఆయనకూ తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ పలకలు అమ్ముకుంటున్న మనిషి.

"మామా, ఇది అయ్యకు చెప్పొద్దు," అన్నాను.

మేస్త్రీ నా ముఖం చూశాడు, పెచ్చును చూశాడు. ఎవరని అడగలేదు. "బేరింగు పాతదైపోయిందని చెప్తాలే," అని లోపలికి పోయి, యుద్ధంనాటి ఆకుపచ్చ డబ్బా తెచ్చాడు. అందులో అసలు సిసలు రేకులు. కీలంతా కిరసనాయిలుతో కడిగి, ఒక్కో రేకూ పెట్టి, స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి లాగి, ఎంత బరువుకు కదులుతుందో చూసుకుంటూ బిగించాడు. ఎడమ వైపు కూడా అదే కథ, అదే బూడిద ముద్ద. ముక్కలన్నీ ఏరి నా చొక్కా జేబులో వేసుకున్నాను.

ఎడమ మూత ఇంకా బిగించకముందే యజమాని వచ్చేశాడు. భోజనం బాగా కుదిరినట్టుంది, నవ్వుతూనే వచ్చాడు.

"ఏంది మేస్త్రీ, రోగం దొరికిందా?"

"బేరింగు దొరా, పాతదైపోయింది," అన్నాడు మేస్త్రీ.

యజమాని వంగి చూశాడు. బేరింగులు చూడలేదు. బోల్టులు చూశాడు. జీపు మిగతా ఒళ్ళంతా తుప్పూ మట్టీ, ఆ బోల్టు తలలు మాత్రం పానా పళ్ళు పడి మెరుస్తున్నాయి. నవ్వు ఆగిపోయింది.

"దీన్ని ఎవడు విప్పినాడు? ఒకసారి కాదు, మస్తుసార్లు విప్పినాడు. నాకు తెలీకుండా ఎవడు రా పానా పెట్టింది?"

మేస్త్రీ బీడీ వెతుక్కుంటున్నాడు. జేబులో పలక ముక్కలు నా ఛాతీకి గుచ్చుకుంటున్నాయి. పానా పెట్టిన వాడు గనిలో ఉండడు, గుడిసెలోనూ ఉండడు అన్న మాట నా చెవిలో మోగింది. ఆ దగ్గుతో నాయన్ని ఏ గనివాడు పెట్టుకుంటాడు? అదే నేనే విప్పానంటే? నన్ను ఎక్కడికి తోస్తాడో ముందే చెప్పాడు.

"నేనే అయ్యా," అన్నాను. "ఆదివారాలు నేనే విప్పి చూసినా. బాగు చేద్దామని. చేతకాలా."

ఆయన చాలాసేపు తిట్టాడు. వంశాన్ని కూడా వదల్లేదు. నాయన మంచి పనివాడు కాబట్టి గుడిసె ఖాళీ చేయించడం లేదని, లేకపోతే తెల్లారేసరికి మూటలు బయట ఉండేవని చెప్పాడు. చివరికి అలసిపోయి, "బండిని ఇల్లు చేర్చు. సోమవారం దిగు," అన్నాడు.

ఆ సాయంత్రం గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా జీపు ఎట్లా నడిచిందో చెప్పాలి. కంభం దాటాక ముప్పై మైళ్ళ వేగం పట్టించాను, తర్వాత నలభై. గుంటలో పడింది, లేచింది, నిటారుగా పోయింది. స్టీరింగు మీద రెండు వేళ్ళు చాలు. నా చేతులు ఒక్క పిసరు కదిలితే ఒట్టు. యజమాని పక్కన కూర్చొని ఆ చేతులనే చూస్తున్నాడు. అంత హాయిగా నడిచే బండిని నేను నడపడం అదే మొదలు, ఆ బండి నడపడం అదే ఆఖరు. దారి తొందరగా అయిపోతోందని ఏడుపొచ్చింది.

ఇంట్లో ఆ రెండు రోజులూ నేను నాయనతో మాట్లాడలేదు. తల నొప్పని పడుకున్నాను. ఆదివారం ఆయన షెడ్డువైపు వెళ్ళబోతే, కనిగిరి డ్రైవరు అక్కడ బండి కడుగుతూ కనిపించాడట. తిరిగొచ్చి గడపలో కూర్చొని, చాలాసేపు తన చేతులే చూసుకున్నాడు.

సోమవారం నిచ్చెన దిగాను. రెండేళ్ళ తర్వాత కూడా అదే వేడి, అదే దుమ్ము, పైన అదే దుప్పటంత ఆకాశం. అడుగున పలక తుక్కు కుప్ప పక్కన నిలబడి జేబులో ముక్కలు అందులో వదిలేశాను. నాయన చూడలేదనుకున్నాను. ఆయన ఒళ్ళో దిమ్మ పెట్టుకొని కూర్చున్నాడు, ఉలి మాత్రం ఆడించడం లేదు.

"బండి బాగు కాలేదా?" అన్నాడు.

"అయింది నాయనా. నిటారుగా పోతాంది."

"మరి నిన్నెందుకు దించినాడు?"

నేను ఉలి అందుకున్నాను. ఆయన దిమ్మను వేలితో తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనే ఇంకొంచెం పల్చగా కొట్టాల్సింది రా," అన్నాడు నెమ్మదిగా.

"లేదు నాయనా. సరిగ్గానే కొట్టినావు," అన్నాను.

ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది. కొంచెం పక్కకు జరిగి, తను కూర్చున్న నీడలో నాకు చోటిచ్చాడు.